ఒకే ఫిడేలు, రెండు చెవులు: విజయనగరం తంత్రీవాద్య శిబిరం, ఒక కేస్ స్టడీ

నేపథ్యం

విజయనగరంలో ఫిడేలు పట్టిన పిల్లలకి పాశ్చాత్య సంగీతం మరీ పరాయిదేం కాదు. వాద్యమే అటునుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకుని, దాన్ని కర్ణాటక సంగీతానికి మలచి రెండు వందల ఏళ్ళు దాటింది. 1919లో పూసపాటి రాజులు ఈ ఊళ్ళో పెట్టిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. అక్కడే ఫిడేలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ఆ పదవిలోకి వచ్చారు. ఇంత చరిత్ర ఉన్నా, అదే వాద్యాన్ని అవతలివాళ్ళు ఎలా వాయిస్తారో పక్కన కూర్చుని వినే అవకాశం ఇక్కడి పిల్లలకి అరుదు. యూట్యూబ్‌లో చూస్తారు. వేలు ఎక్కడ పడిందో అందులో తెలుస్తుంది గానీ, వాయించేవాడి చెవి దేనికోసం ఎదురుచూస్తోందో తెలియదు.

ఈ కేసు ఐదు రోజుల శిబిరానిది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పన్నెండుమంది, 13 నుంచి 20 ఏళ్ళ లోపువాళ్ళు. కనీసం నాలుగైదు వర్ణాలు రెండు కాలాల్లో వాయించగలగడం అర్హతగా పెట్టారు. ఊళ్ళోవాళ్ళతో పాటు నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి నుంచి, శ్రీకాకుళం నుంచి కూడా వచ్చారు. నేర్పడానికి యూరప్ నుంచి ఒక స్ట్రింగ్ క్వార్టెట్: రెండు వయొలిన్లు, ఒక వియోలా (కాస్త పెద్ద వయొలిన్), ఒక చెలో (నేల మీద ఆనించి వాయించే పెద్ద తంత్రీవాద్యం). వాళ్ళతో సమాన హోదాలో, సమాన పారితోషికంతో తప్పెటగుళ్ళు అనే ఉత్తరాంధ్ర జానపద కళలో ఇద్దరు కళాకారులు, ఒక కర్ణాటక ఫిడేలు మాస్టారు.

ఇలాంటివి పెట్టేవాళ్ళలో చాలామంది చివరిరోజు ఫ్యూజన్ కచేరీని ముందు ఖాయం చేసుకుని, మిగతా రోజులన్నీ దాని రిహార్సల్‌గా మార్చేస్తారు. అందులో పిల్లలు నేర్చుకునేది తక్కువ. ఎవరికి వచ్చింది వాళ్ళు వాయిస్తారు, కింద ఒక కీబోర్డు రెండు మూడు స్వరాలు కలిపి మోగిస్తుంది, చప్పట్లు పడతాయి. ఇక్కడ ఫ్యూజన్ మాటే వద్దనుకున్నారు. ఒక పద్ధతి చెవిని మరో పద్ధతి ఎక్కడ ఇబ్బంది పెడుతుందో కనిపెట్టి, ఆ ఒక్కచోట పని చెయ్యడమే లక్ష్యం. కింద రాసిన వివరాలన్నీ ఆ ఇబ్బంది చోట్లవే.

శృతి: ఐదుకే ఎందుకు

మొదటి పూట గంటన్నర శృతికే పోతుంది. పోనివ్వాలి. ముందే లెక్క వేసుకోకపోతే ఒక రోజే పోతుంది.

పాశ్చాత్య వయొలిన్ నాలుగు తీగలూ కింది నుంచి జి, డి, ఏ, ఇ అనే పాశ్చాత్య స్వరాలు. పక్కపక్క తీగల మధ్య ఎక్కడ చూసినా స-ప అంత దూరమే. మన ఫిడేలు స, ప, స, ప. ఇందులో మధ్య జంటకి దూరం ప నుంచి పై స వరకే, అంటే కాస్త తక్కువ. ఈ రెంటినీ ఒకచోటికి తేవాలంటే షడ్జమం (స) ఎక్కడ పెట్టాలి అన్నదే ప్రశ్న. ఐదు శృతి, అంటే జి, పెట్టుకుంటే మన ఫిడేలు జి, డి, జి, డి అవుతుంది. కింది రెండు తీగలూ వాళ్ళవీ మనవీ ఒకటే. పై రెండూ మనవి ఒక్కొక్క పూర్తి స్వరం కిందికి ఉంటాయి. వియోలాకీ చెలోకీ సి, జి, డి, ఏ తీగలు కాబట్టి, వాళ్ళకి స, ప రెండూ ఖాళీ తీగల మీదే దొరుకుతాయి. చెలో ఖాళీ జి, డి మీద కమాను లాగితే తంబూరా అక్కర్లేదు.

ఇబ్బంది మగపిల్లల దగ్గర వచ్చింది. గాత్రానికి పక్కవాద్యం వాయించే అలవాటుతో చాలామంది ఒకటిన్నర, రెండు శృతిలో వదులుగా బిగించుకుని ఉంటారు. రెండు నుంచి ఐదుకి తేవడమంటే తీగ కంపించే వేగం 4/3 రెట్లు పెరగడం. తీగ బిగువు దాని వర్గంలో పెరుగుతుంది, అంటే దాదాపు 1.8 రెట్లు. కొత్త తీగ ఇది భరిస్తుంది, అసలు తయారైందే ఆ బిగువుకి. తుప్పు పట్టి, గుర్రం (తీగల్ని మోసే చెక్క వంతెన) మీద నొక్కుపడిన పాత తీగ భరించదు. అందుకని శిబిరానికి ముందురోజు సాయంత్రమే అర్ధ స్వరం, అర్ధ స్వరం చొప్పున ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ గుర్రం ఫింగర్ బోర్డు వైపు ఒరుగుతోందేమో చూసి, రెండు చేతులతో నిటారుగా సర్దాలి. ఆదరాబాదరాగా ఒక్కసారి తిప్పితే తీగ తెగడం చిన్న సంగతి. గుర్రం పడిపోయి లోపలి సౌండ్ పోస్టు (పైచెక్కకి ఆసరాగా నిలిపిన పుల్ల) కూలితే, దాన్ని నిలబెట్టే మనిషి కోసం విశాఖ పరుగెత్తాలి.

ఇంకో చిన్న తగువు. క్వార్టెట్‌వాళ్ళు యూరప్‌లో ‘ఏ’ స్వరాన్ని సెకనుకి 442 కంపనాలకి బిగించుకుని వచ్చారు. మన శృతిపెట్టె 440 లెక్కలో ఉంది. మధ్య జి దగ్గర ఇది 392, 393.8 మధ్య తేడా. రెండూ కలిపి మోగిస్తే సెకనుకి రెండుసార్లకి కాస్త తక్కువగా ధ్వని ఊగుతుంది. పెద్దవాళ్ళు సర్దుకుంటారు గానీ, శృతి వినడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి ఆ ఊగిసలాటలో ఏది సరైందో పాలుపోదు. 440 ఖాయం చేసుకున్నారు. అదీ ఏ నుంచి కాకుండా జి నుంచి మొదలుపెట్టి బిగించమన్నారు. ఏ 440 నుంచి శుద్ధ పంచమాలతో కిందికి దిగితే జి 195.6 దగ్గర ఆగుతుంది, శృతిపెట్టె 196 అంటుంది. అందరూ 196 నుంచి ఎక్కితే డి 294, ఏ 441. షడ్జమం ఒక్కటే అందరికీ ఉమ్మడి కాబట్టి, తేడా ఏదైనా ఉంటే అది షడ్జమంలో ఉండకూడదు.

కీబోర్డుని హాల్లోంచి తీసేశారు. క్వార్టెట్‌వాళ్ళు స-గ-ప కలిపి ఆపినప్పుడు గ ని చెవితో కాస్త కిందికి దించి, ఊగకుండా నిలబెడతారు. మన మాస్టారు తంబూరా మీద వినే అంతర గాంధారం కూడా అక్కడే ఉంటుంది. ఇద్దరికీ దూరంగా ఉన్నది కీబోర్డు గాంధారమే. ఒక అర్ధ స్వరాన్ని వంద భాగాలు చేస్తే పద్నాలుగు భాగాలు పైకి. రెండు సంస్కృతులూ ఒప్పుకున్న గాంధారాన్ని మధ్యలో ఆ పెట్టె చెడగొట్టడం ఎందుకు?

తీగలు, నూనె, కుర్చీలు

సామాన్ల జాబితా పెద్దదేం కాదు. కానీ మర్చిపోతే ఊళ్ళో దొరకనివి కొన్ని ఉన్నాయి. మొదటి తీగలు ఆరు, రెండో తీగలు నాలుగు; మూడోవి, నాలుగోవి రెండేసి. కమాను వెంట్రుకలకి పట్టుకోసం రాసే రోజిన్ బిళ్ళలు నాలుగు. బిరడాలు (తీగలు బిగించే మేకులు) జారకుండా రాయడానికి సుద్దముక్క, బిగుసుకుపోతే పొడి సబ్బు. తడి గాలి వీచే నెలల్లో బిరడాలు ఉబ్బి తిరగవు. ఏసీ గదిలోంచి బయటికి, బయటినుంచి లోపలికి తిప్పితే వదులై జారిపోతాయి. ఏసీ ఉన్న హాలు వద్దని ఫ్యాన్లున్న హాలు తీసుకోవడం మంచి నిర్ణయం. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా ఒక్కో స్టాండుకి రెండేసి బట్టల క్లిప్పులు పెట్టారు.

నూనె గొడవ ఎవరూ ఊహించలేదు. మన పిల్లలు వేళ్ళు తీగ మీద జారడానికి కొబ్బరినూనె చుక్క రాసుకుంటారు. రెండోరోజు సరదాగా వాద్యాలు మార్చుకున్నారు. పది నిమిషాల తర్వాత అతిథి వయొలిన్ మీద కమాను జారిపోతోంది, ధ్వని రావట్లేదు. వేళ్ళ నూనె తీగ పొడుగునా పాకి, గుర్రం దగ్గర కమాను ఆడే చోటికి, అక్కడినుంచి కమాను వెంట్రుకలకి ఎక్కింది. నూనె పట్టిన వెంట్రుకలకి రోజిన్ అంటదు. తీగలైతే పొడిగుడ్డ మీద కాస్త స్పిరిట్ వేసి తుడిస్తే సరిపోతుంది, చెక్క వార్నిష్ మీద పడకుండా కింద ఇంకో గుడ్డ అడ్డంపెట్టి. కమాను వెంట్రుకలకి అంత సులువు కాదు, మార్పించాల్సి రావచ్చు. ఆ తర్వాత వాద్యాలు మార్చుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, పౌడరు మాత్రమే వాడాలని నియమం పెట్టారు.

చెలోకి చేతులు లేని కుర్చీ కావాలి. దాని అడుగు ముల్లు నున్నటి గచ్చు మీద నిలవదు. పాత తోలు బెల్టు ఒకటి కుర్చీ కాలికి చుట్టి, రెండో కొసన ముల్లు గుచ్చుకునేలా కన్నం పెడితే చాలు. మనవాళ్ళు కింద, వాళ్ళు కుర్చీల్లో కూర్చుంటే కళ్ళు కలవవు. క్వార్టెట్ వాయించడంలో సగం పని కళ్ళదే. అరడుగు ఎత్తు చెక్కబల్లలు రెండు కలిపి, వాటి మీద చాప పరిచి పిల్లల్ని కూర్చోబెట్టారు.

తన వరస తాను పట్టుకోవడం

ఐదు రోజుల్లో అసలు పని ఇది. ఎక్కువ సమయం మింగిందీ ఇదే.

కర్ణాటక ఫిడేలు పిల్లలకి చిన్నప్పటినుంచి నేర్పేది వెంట నడవడం. గాయకుడు ఏది పాడితే అది, అర క్షణం వెనకగా, నీడలా. ఆ విద్యలో వాళ్ళు గట్టివాళ్ళు. క్వార్టెట్‌లో రెండో ఫిడేలు చెయ్యాల్సింది దీనికి పూర్తిగా ఎదురు: మొదటి ఫిడేలు వింటూనే దాని వెంట వెళ్ళకూడదు. తన వరస వేరు. మొదటిరోజు ఇద్దరు పిల్లలకి రెండు వరసలు ఇచ్చి వాయించమంటే, నాలుగు ఆవర్తనాలు (తాళం చుట్లు) తిరిగేసరికి ఇద్దరూ ఒకే వరసలో ఉన్నారు. పైగా తాము మారినట్టు వాళ్ళకే తెలియలేదు. రికార్డు చేసి వినిపిస్తే నవ్వుకున్నారు.

దీనికి పెట్టుకున్న మెట్ల క్రమం ఇలా నడిచింది. ముందు ఒకరు షడ్జమం మీద కమాను లాగుతుంటే, రెండోవారు సరళీ వరసలు వాయించడం. షడ్జమం లాగడం తేలికనుకుంటారు. ఇరవై సెకన్లు ఒకే కమానుతో, ధ్వని పెరగకుండా తరగకుండా లాగమంటే పన్నెండుమందిలో ఎవరికీ కుదరలేదు. మన బాణీలో కమాను సాహిత్యం వెంట పోతుంది, అంతసేపు నిశ్చలంగా లాగే పని తక్కువ. కమాను కర్ర మీద నాలుగు సమభాగాలకి సన్నటి కాగితపు టేపు అంటించి, ఒక్కో భాగానికి ఐదేసి సెకన్లు అని లెక్కపెట్టి చేయించారు. తప్పు ఎక్కువగా మొదట్లోనే జరుగుతుంది: చెయ్యి దగ్గర బరువెక్కువ కాబట్టి మొదటి భాగం గబుక్కున ఖర్చైపోతుంది. చిటికెన వేలు కర్ర మీద ఆనించి ఆ బరువుని మోయాలి. శిబిరం అయ్యాక కూడా పిల్లలు రోజూ చేస్తున్న అభ్యాసం ఇదొక్కటేనని మాస్టారి మాట.

తర్వాత ఆదితాళంలో ఒకరు లఘువంతా (మొదటి నాలుగు అక్షరాలు) షడ్జమం, రెండు ద్రుతాలూ (మిగతా నాలుగు) పంచమం లాగడం, రెండోవారు మోహన రాగంలో రెండు ఆవర్తనాల వరస వాయించడం. ఇది అరగంటలో వచ్చేసింది.

మూడో మెట్టు తరుముడు వరస, పాశ్చాత్యులు కానన్ అనేది. అదే మోహనం వరసని రెండో జట్టు నాలుగు అక్షరాలు ఆలస్యంగా మొదలుపెడుతుంది. ఇద్దరికీ వరస ఒక్కటే కాబట్టి కొత్తగా బట్టీపట్టేది ఏమీ లేదు. చెయ్యాల్సింది తన చోట తాను ఉండడం మాత్రమే. మోహనం ఎంచుకోవడానికి కారణం ఉంది. స రి గ ప ద ల్లో ఎక్కడా అర్ధ స్వరం పక్కపక్కన లేదు, కాబట్టి రెండు వరసలు ఎలా ఒకదాని మీద ఒకటి పడ్డా చెవికి గుచ్చుకోదు. పిల్లలు తప్పినా భయపడరు. మొదట వీపులు ఆనించి కూర్చోబెట్టారు. కళ్ళు కలిస్తే చాలు, ఒకరి కమాను చూసి ఇంకొకరు దారి మారుస్తున్నారు.

నాలుగో మెట్టుకి నొట్టుస్వరం తీసుకున్నారు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టిన చిన్న కృతులివి. దాదాపు అన్నీ శంకరాభరణం స్వరాల్లో, గమకం (స్వరాన్ని ఊపడం) లేకుండా నడుస్తాయి. వాటిలో ‘సంతతం పాహిమాం’ బాణీ బ్రిటిష్ జాతీయగీతానిదే. పిల్లలకి కృతిగా వచ్చు, అతిథులకి జాతీయగీతంగా వచ్చు. ఎవరికీ కాగితం అక్కర్లేదు. అందుకే ఇలాంటి శిబిరానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదని మా అభిప్రాయం. రెండో ఫిడేలు, వియోలా వరసల్ని స్టాఫ్ నొటేషన్‌లో కాక స రి గ మ ల్లోనే రాసి ఇచ్చారు. ఐదు రోజుల్లో స్టాఫ్ చదవడం రాదు, రావాల్సిన పనీ లేదు.

ఇక్కడ ఇరుక్కున్నది పాట చివర. మొదటి ఫిడేలు స మీద ఆగుతుంది. రెండో ఫిడేలు గ మీద ఆగాలి, వియోలా ప మీద. పాట పొడుగునా బాగానే వాయించిన పిల్లలు చివరి స్వరం దగ్గరికొచ్చేసరికి గ నుంచి స కి జారిపోతున్నారు. ఒకసారి కాదు, ఒకరు కాదు. చీపురుపల్లి నుంచి వచ్చిన అమ్మాయి కారణం తనే చెప్పింది: “గ మీద ఆపితే పాట అయిపోయినట్టు లేదు మాస్టారూ, మధ్యలో వదిలేసినట్టుంది.” చెలో ఆయన చెప్పిన జవాబుని దుబాసీ తెలుగులో అందించాడు: “ఆపేది నువ్వొక్కదానివే కాదమ్మా, నలుగురం కలిసి ఆపుతున్నాం. నా స మీద నీ గ కూర్చోకపోతే నాది బోసిగా ఉంటుంది. కావాలంటే ఆపి చూడు.” ఆ పిల్ల కమాను ఎత్తేసింది. స, ప మాత్రమే మిగిలాయి. మళ్ళీ గ పెట్టింది. మూడోసారి ఎవరూ చెప్పకుండానే అక్కడ నిలబడింది.

దీన్ని అందరికీ పాఠంగా మార్చారు. చివరి స్వరాన్ని మూడుసార్లు ఆపడం: గ లేకుండా, గ తో, గ ని కావాలని కాస్త పైకి పెట్టి. మూడోది వినగానే పిల్లలు మొహం చిట్లించారు. శృతి జ్ఞానం వాళ్ళకి ఉంది. అది ఇన్నాళ్ళూ షడ్జమానికీ పంచమానికీ మాత్రమే పనిచేసింది, ఇప్పుడు గాంధారానికీ పనిచేస్తోంది. రెండో వరస పిల్లలు వాయించే ముందు దాన్ని స్వరాలతో గొంతెత్తి పాడాలన్న నియమం కూడా బాగా పనికొచ్చింది. నోటికి రాని వరస వేళ్ళ మీద నిలవదు.

దుబాసీ గురించి ఒక్క మాట. ఇంగ్లీషు బాగా వచ్చినవాడి కన్నా ఫిడేలు వచ్చినవాడు మేలు. ఏ అక్షరం మీద ఎత్తుకోవాలో, కమాను ఎటు లాగాలో తెలియనివాడు మాట కరెక్టుగానే చెప్పి, విషయం తప్పుగా అందిస్తాడు.

గమకం దగ్గర అతిథుల తడబాటు

నేర్చుకోవడం ఒకవైపే సాగితే అది శిక్షణ శిబిరం అవుతుంది. రోజూ మధ్యాహ్నం గంట పిల్లలే మాస్టార్లు, క్వార్టెట్ విద్యార్థులు. అందులో పిల్లలకి వచ్చిన లాభం పెద్దది: తాము ఆలోచించకుండా చేసేదాన్ని ముక్కలు చేసి చెప్పాల్సివచ్చింది.

అతిథులకి వైబ్రాటో తెలుసు. స్వరాన్ని దాని చోటే ఉంచి, చుట్టూ సన్నగా వణికించడం అది. మన కంపితం ఒక స్వరం నుంచి పక్క స్వరం దాకా పోయి వచ్చే కదలిక. శంకరాభరణంలో నిషాదం పాఠం పెడితే నలుగురూ నిషాదాన్ని వైబ్రాటోతో వాయించి ఆగారు. పోయి రావాలని చెప్పాక, రెండు కొసల మధ్యా సమాన వేగంతో ఊపారు. అంబులెన్సు సైరన్‌లా వచ్చింది. ఒక కొసన నిలిచి, రెండో కొసని తాకి రావాలి. ఎక్కడ నిలవాలో, ఎక్కడ తాకాలో రాగం చెబుతుంది. ఇది మాటల్లో చెప్పేకంటే మాస్టారు పాడి, పిల్లలు చేత్తో గాల్లో గీసి చూపించడం త్వరగా పట్టుబడింది.

చేతికి వచ్చిన అడ్డంకి వేరే. వాళ్ళు వయొలిన్‌ని గడ్డం కింద పట్టుకుంటారు. ఎడమచేతి బొటనవేలు మెడకి ఆనించి, వేళ్ళు ఒకచోట పాతుకుని ఉంటాయి. మనం బాసంపట్టు వేసుకుని, వాద్యం తలని కుడి పాదం మీద ఆనించి, రెండో కొసని ఎడమ భుజం, ఛాతీ దగ్గర నొక్కిపెడతాం. రెండు కొసలా ఆనిక ఉంది కాబట్టి చెయ్యి తీగ పొడుగునా స్వేచ్ఛగా జారుతుంది. వాళ్ళని మన తీరులో కూర్చోబెట్టాకే కంపితం కదిలింది. చూపుడు వేలొక్కదానితో, మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల మీద, దెబ్బకి ఒక ఊపు, తర్వాత రెండు, తర్వాత నాలుగు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పిరుదుల కింద ఎత్తుగా మడిచిన దుప్పటి పెట్టాలి. లేకపోతే ఇరవై నిమిషాల్లో కాళ్ళు తిమ్మిరెక్కి పాఠం ఆగిపోతుంది.

గమకం ఉన్న రాగానికి నాలుగు వరసలు కట్టాలని క్వార్టెట్‌లో ఒకరికి ఉబలాటం. ఖరహరప్రియలో ప్రయత్నించారు. స్వరాల పట్టిక చూస్తే వాళ్ళ డోరియన్ మోడ్ ఇదే. కింద స్వరాలు కలిపి ఆపితే మాత్రం కుదరలేదు. కారణం సూటిగా ఉంది: కింద ఆపిన వరసకి గాంధారం ఒకచోట నిలబడాలి, ఖరహరప్రియ గాంధారం నిలబడదు. ఒకరు నిలిపితే ఇంకొకరు ఊపుతున్నారు, ప్రతి ఊపులోనూ తగాదా. చివరికి తేల్చుకున్నది, ఊగే స్వరాల్ని కింది వరసల్లోంచి తీసేసి స, ప, రి మాత్రం ఉంచడం. అలా ఉంచితే అది దాదాపు తంబూరాయే. మన సంగీతానికి తంబూరా చాలన్న సంగతి ఆ దారిలో కూడా రుజువైంది.

తప్పెటగుళ్ళ ముందు

తప్పెటగుళ్ళని ఇలాంటి చోట్ల సాయంత్రం వినోదంగా పెట్టడం రివాజు. అది తప్పు. ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా యాదవులు ఆడే ఈ కళలో లయ మీద ఉన్న పట్టు చాలా కచేరీల్లో కనబడదు. ఛాతీ మీద వేలాడే రేకు గుండుని రెండు చేతులా కొడుతూ, కాళ్ళ గజ్జెలతో అడుగేస్తూ, పాడుతూ ఆడతారు. మూడు పనులూ ఒకే ఒంట్లో.

హాల్లో పెట్టకూడదు. రేకు మోత గోడలకి కొట్టుకుని, నాలుగు తీగవాద్యాల్ని మింగేస్తుంది. ఆరుబయట చెట్టుకింద, పిల్లలు పదిహేను అడుగుల దూరంలో, మొదటి గంట వాద్యాలు లేకుండా నడిచింది.

పిల్లలంతా తప్పెట పట్టిన చేతులకేసి చూస్తున్నారు. ఆదితాళం చేతి మీద వేసే అలవాటు కదా. తప్పెటగుళ్ళ గురువు ఆపి అన్నాడు: “సెయ్యి సూడకండి బాబూ, సెయ్యి మోసం సేత్తాది. కాలు సూడండి.” చేతులు ఎన్ని దెబ్బలేసినా మూలం అడుగులో ఉంది. గజ్జెల చప్పుడు పట్టుకుంటే మిగతాది దాని మీద కూర్చుంటుంది. కళ్ళు మూయించి, గజ్జెల్ని మాత్రం వింటూ చప్పట్లు కొట్టించారు. పది నిమిషాల్లో పిల్లలకి వచ్చేసింది. అతిథులకి ఇంకాస్త పట్టింది, వాళ్ళు మొదటి దెబ్బ మీద బరువు వేసే అలవాటు వదలలేకపోయారు.

అసలు చర్చ వేగం దగ్గర పుట్టింది. కర్ణాటక పిల్లలకి కాలప్రమాణం కదలకూడదు. వేగం కావాలంటే రెట్టింపు చేస్తారు, మెల్లగా జరపరు. క్వార్టెట్‌వాళ్ళు పదం చివర నెమ్మదిస్తారు, మళ్ళీ అందుకుంటారు, అందులోనే వాళ్ళ భావం. తప్పెటగుళ్ళు ఆట సాగేకొద్దీ వేడెక్కుతూ, వేగం పెరుగుతూ పోతాయి. ముగ్గురికీ మిగతా ఇద్దరిదీ తప్పులాగే వినిపిస్తుంది. అదే మోహనం వరసని మూడు తీర్లలోనూ వాయించే అభ్యాసం పెట్టారు: ఒకసారి మెట్రోనోమ్‌తో కదలకుండా, ఒకసారి ముగింపులో నెమ్మదించి, ఒకసారి గజ్జెల వెంట నిమిషానికి 80 దెబ్బల నుంచి 120 దాకా ఎక్కుతూ. మూడోది కష్టమైంది. పిల్లలు మెల్లగా జరగలేక, ఉన్నచోట ఉండి ఒక్కసారిగా దూకుతున్నారు. ఎవరో ఒకరి కాళ్ళని మాత్రమే అనుసరించమంటే సర్దుకుంది. వెంట నడిచే విద్య ఇక్కడ ఉపయోగపడింది.

గొల్లపల్లిలో మెట్లు

నాలుగోరోజు పొద్దున్న బొబ్బిలి దగ్గర గొల్లపల్లి తీసుకెళ్ళారు. అక్కడ వీణ మొత్తాన్నీ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. చూడాల్సింది చెక్కడం కాదు, మెట్లు (తీగ కింద స్వరాల చోట్లలో ఉండే కమ్మీలు) కూర్చడం. మైనంలో బొగ్గుపొడి కలిపి నల్లగా కరిగించి, దండి (వీణ మెడ) మీద రెండు గట్లుగా పోసి, అది మెత్తగా ఉండగానే 24 మెట్లూ ఒక్కొక్కటీ నొక్కుతూ, తీగ మీటి వింటూ జరుపుతారు. కొలబద్ద కన్నా చెవే పెద్ద. పిల్లలు ఫిడేలు మీద గాంధారం గురించి మూడు రోజులుగా వింటున్న మాట ఇక్కడ కంటికి కనిపించింది. తీగ పొడవు 80 సెంటీమీటర్లు అనుకుంటే, శుద్ధంగా పలికే అంతర గాంధారానికి గుర్రం నుంచి 64 సెంటీమీటర్ల దగ్గర మెట్టు ఉండాలి. కీబోర్డు లెక్కన 63.5 దగ్గర. అర సెంటీమీటరు. ఫిడేలు తీగ చిన్నది కాబట్టి అదే తేడా రెండు మిల్లీమీటర్లు, వేలి కొనలో పావు వంతు కూడా కాదు. పంచమానికైతే వీణ మీద తేడా మిల్లీమీటరు లోపే, అందుకే కీబోర్డు పక్కన కూడా పంచమం బాధపెట్టదు.

రానూ పోనూ దాదాపు 110 కిలోమీటర్లు, పూట పోతుంది. చాలామంది నిర్వాహకులు ఇలాంటివి ఖర్చని కోసేస్తారు. మేమైతే ఇది ఉంచి, చివరిరోజు సభ కోసేయమంటాం.

ప్రదర్శన, ఫలితం

సభంటూ పెట్టింది నలభై నిమిషాలే, తల్లిదండ్రులకీ స్థానిక ఫిడేలు మాస్టార్లకీ. నొట్టుస్వరం నాలుగు వరసల్లో, మోహనం తరుముడు వరస, గజ్జెల వెంట ఒకటి. క్వార్టెట్ తమది ఒకటి, పిల్లలు వర్ణం ఒకటి విడివిడిగా. కలిపి ఊదరగొట్టిందేమీ లేదు. దండలు, శాలువాలు మొదట్లోనే కానిచ్చేశారు.

మొదటిరోజూ చివరిరోజూ ఒకే మూడు పరీక్షలు పెట్టారు. ఇరవై సెకన్ల కమాను: చివరికి ఎక్కువమంది పదిహేను దాటారు, ముగ్గురు మాత్రం పూర్తిచేశారు. రెండు వరసల్లో తన వరస నిలుపుకోవడం: రెండు ఫిడేళ్ళతో బాగానే వచ్చింది, నలుగురిలో ఇంకా జారుతున్నారు. ముఖ్యంగా చిన్నవాళ్ళు. రికార్డులో రెండు గాంధారాలు వినిపించి ఏది కీబోర్డుది అని అడగడం: ఇందులో ఒక్కరు కూడా తప్పలేదు. అతిథులకీ పరీక్ష పెట్టారు, విన్న సంగతిని (స్వరాల వరసని) కాగితం లేకుండా తిరిగి వాయించడం. మూడు స్వరాల సంగతి నుంచి ఒక ఆవర్తనం దాకా వచ్చారు. రెండు ఆవర్తనాల సంగతి దగ్గర వాళ్ళ చెయ్యి కాగితం కోసం వెతుక్కుంది.

మళ్ళీ చేసేవాళ్ళకి కొన్ని సంగతులు. దసరా తర్వాతి వారాలు వద్దు. విజయదశమి వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవం, ఊళ్ళో గదులూ బళ్ళూ దొరకవు, వాన తడి కూడా పోదు. సంక్రాంతి వెళ్ళాక జనవరి చివర బిరడాలకీ మనుషులకీ సుఖం. సాయంత్రం ఐదున్నరకి ముగించాలి, గజపతినగరం వైపు వెళ్ళే ఆడపిల్లలు చీకటి పడకముందే బస్సెక్కాలి. జానపద కళాకారుల్ని రికార్డు చేసేముందు, అది ఎవరి దగ్గర ఉంటుందో, ఎక్కడ వాడతారో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పి కాగితం మీద ఒప్పుకోలు తీసుకోవాలి, ఒక కాపీ వాళ్ళకివ్వాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం. పన్నెండుమందికి మించి తీసుకోవద్దు. ఒక్కో అతిథికి ముగ్గురు పిల్లలు దాటితే వెనకవాళ్ళ కమాను ఎవరూ చూడరు. వియోలా ఒకటి అద్దెకో అరువుకో సంపాదించి ఇద్దరు పెద్దపిల్లలకి ముందే నెలరోజులు ఇచ్చి ఉంచితే, నాలుగో వరస అతిథి మీద ఆధారపడకుండా వాళ్ళు వెళ్ళాక కూడా నడుస్తుంది. ఈసారి అది లేకపోవడంతో నొట్టుస్వరం ఇప్పుడు మూడు వరసల్లోనే సాగుతోంది, వారానికోసారి, ఆదివారం పొద్దున్న.